దానమైన పిమ్మట

దధీచి మహర్షి దేవతల కొఱకు తన యెముకల నిచ్చెననియు, శిబి చక్రవర్తి పావురము కొఱకు తన మాంసమును కోసి యిచ్చెననియు చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద చదువుకొంటిమి. ఆ కథలు దానముతో ముగిసినవి. మా యింటి కథ దానముతో మొదలైనది.

మాది సంగారెడ్డి. మావారు బడిపంతులు. నాలుగేండ్ల క్రిందట, తొమ్మిదేండ్ల మా యమ్మాయికి ప్రొద్దుటిపూట ముఖ ముబ్బుచుండెను. నిద్ర చాలదనుకొంటిమి. తుదకు హైదరాబాదు వైద్యులు రెండు మూత్రపిండములును చెడినవనిరి. పది నెలలు వారమునకు మూడుమారులు పటాన్‌చెరు మీదుగా బస్సులో డయాలిసిస్‌కు పోయితిమి. కర్మాగారములకు పోవు కార్మికుల నడుమ పిల్ల మా యొడిలో నిద్రించుచుండెడిది.

మూత్రపిండము మార్పించుటయే మేలని వైద్యులు చెప్పగా, చుట్టములలో నొకావిడ "ఆడపిల్లకు ఇంత యేల?" అనెను. మా యత్తగారు ఆమెకు బదులు చెప్పక, వైద్యులతో "నాది తీసికొనుడు" అనిరి. 1994 నాటి చట్టమునకు 2011లో జరిగిన సవరణచే అవ్వతాతలును ఇచ్చుటకు అర్హులైరి. కాని మధుమేహ ముండుటచే ఆమెది వలదనిరి. మాది సరిపడెను. దానిని పిల్ల పొట్ట క్రిందిభాగమున అమర్చి, పాతవాటిని అట్లే యుంచిరి.

సోదరీమణులారా! అంతటితో గండము గడచెనని మేమును భ్రమించితిమి. 1954లో బోస్టను నగరమున తొలిసారి ఫలించిన మార్పిడి ఏకరూపులైన కవల సోదరుల నడుమ జరిగినది గనుక, ఆ శరీరము సోదరుని యవయవమును పరాయిదిగా నెంచలేదు. తల్లీబిడ్డల కట్టి భాగ్యము లేదు. మా మాంసమును మా బిడ్డ దేహము నేటికిని పరాయిదని త్రోసివేయ జూచును. దాని నాపుటకే పండ్రెండేసి గంటల కొకమారు మందు, ప్రతిదినమును, పెండ్లియైనను పండుగయైనను.

ఒక శీతకాలమున మేము పంపర పనస తొనలు నాలుగు దినములు వలిచి పెట్టితిమి. పిల్ల చేతులు వణకసాగెను. ఆ పండు మందును దేహములో అరుగనీయదట. రక్తములో మందు మించినచో మూత్రపిండమునకే హాని. దోషము మాది. పండు గదా, ఏమి చేయుననుకొంటిమి. నాటినుండి కషాయమైనను వైద్యు నడుగక ఇయ్యము. జ్వరము తగిలిన గడియలోనే బయలుదేరుదుము. రక్తపరీక్షనాడు రక్త మిచ్చిన పిమ్మటనే ప్రొద్దుటి మందు వేయుదుము.

ఇంట ఇచ్చువారు లేనివారికి 2013 నుండి జీవన్‌దాన్ పథకము ద్వారా మరణించినవారి యవయవములు లభించుచున్నవి. ఆ తల్లులకును మా వలెనే గడియారమే గురువు.

ఇప్పు డమ్మాయికి పదమూడేండ్లు. మందుల పెట్టె తానే చూచుకొందునని పట్టుబట్టుచున్నది. ఇచ్చుట కష్టముగా నున్నది. అవయవ మిచ్చిననాడు ఇంత జంకలేదు. మొన్న "అమ్మా, ఇది నీదా, నాదా?" అని యడిగెను. "వేళ తప్పనంతకాలము నీదే" యంటిమి. పెట్టె దాని చేతి కిచ్చితిమి. రాత్రి ఎనిమిదింటికి మాత్రము, తలుపు చాటునుండి, ఇంకను చూచుచునే యున్నాము.