అందరూ కోరే యోధుడు

పిల్లలూ, మన ఊళ్ళలో కురుక్షేత్రం నాటకం వేసేటప్పుడు ఒక చిక్కు వచ్చేది. మీ తాతయ్యలను అడిగితే చెబుతారు. నాటకంలో కృష్ణుడు ఒక్కడే. కాని ఆ వేషం కట్టాలని ఊళ్ళో పదిమందికి ఉండేది. అందుచేత ఒక్క రాత్రిలోనే మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ముగ్గురు కిరీటాలు పెట్టుకుని తలా కొంత ఆటా పంచుకోవటం కద్దు. వికర్ణుడి వేషం కోసం ఎవరైనా పోట్లాడుకున్నట్టు మాత్రం నేను వినలేదు.

ఇదే చిక్కు ఇప్పుడు కంప్యూటరు ఆటలలో కనబడుతున్నది. అక్కడ ఒక ఆటలో ఒక వేషాన్ని ఒక్కరే కట్టాలి. రెండో కృష్ణుడనే మాట లేదు. ఇక పోట్లాట ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి!

నేను చెప్పబోయే ఆట పేరు డోటా 2. ఇది 2003లో వేరొక ఆటకు అభిమానులు అల్లిన పిల్ల ఆటగా పుట్టింది. తరువాత అమెరికాలోని వాల్వ్ అనే కంపెనీ దాన్ని కొత్తగా తయారుచేసి 2013లో విడుదల చేసింది. ఒక పక్క ఐదుగురు, మరొక పక్క ఐదుగురు. వాళ్ళు ఒకే గదిలో ఉండనక్కర లేదు. ఒకరు హైదరాబాదులోనూ, ఒకరు సింగపూరులోనూ ఉండి ఇంటర్నెట్టు ద్వారా ఆడవచ్చు. రెండు కోటలు, వాటి మధ్య మూడు దారులు, దారుల నడుమ అడవి. ఎదుటివాళ్ళ కోట నడిబొడ్డున ఉన్న కట్టడాన్ని ముందు కూల్చినవాళ్ళది గెలుపు. 2022 ఆగస్టులో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో జరిగిన కామన్వెల్తు ఈ-స్పోర్ట్స్ పోటీలలో మన దేశపు జట్టు ఈ ఆటలోనే కాంస్య పతకం సంపాదించింది.

ఆట మొదలు కాకముందు ఒక్కొక్కరూ ఒక్కొక్క యోధుణ్ణి ఎన్నుకోవాలి. యోధులు 125 మందికి పైగా ఉన్నారు. సరిగ్గా 125 మందే అనుకుని, అందులోనుంచి ఐదుగురి జట్టును ఎన్ని విధాలుగా కూర్చవచ్చునో లెక్క కట్టి చూశాను. 23 కోట్ల 45 లక్షల 31 వేల 275 విధాలు! దినానికి వెయ్యి జట్లు కూర్చినా ఆరువందల ఏళ్ళకు పైగా పడుతుంది.

ఇన్ని విధాలుండగా ఆడేవాళ్ళు ఏం చేస్తారు? తిరిగి తిరిగి అదే కొద్దిమందిని ఎన్నుకుంటారు. ఒక చిన్న లెక్క చూడండి. ఆట ఒక్కింటికి పదిమంది యోధులు కావాలి. నూరు ఆటలకు వెయ్యిమంది. అందరిమీదా సమానమైన ప్రేమే ఉంటే, 125 మందిలో ఒక్కొక్కడికి 8 ఆటలు రావాలి. కాని పడ్జ్ అనే యోధుడున్నాడే, అతను నూటికి 20 ఆటలకు పైగా కనిపించిన నెలలున్నాయి. పదేళ్ళకు పైగా అతని మీద మోజు తగ్గలేదు.

ఈ పడ్జ్ ఏ రాకుమారుడో అనుకునేరు! కాదు. పెద్ద బొజ్జ, కుట్లు పడిన ఒళ్ళు, చేతిలో మాంసం నరికే కత్తి. నాకైతే చూడబుద్ధి కాదు. కాని అతని దగ్గిర గొలుసుకు కట్టిన కొక్కెం ఒకటి ఉంది. దాన్ని చీకట్లోకి గురిచూసి విసురుతాడు. తగిలిందా, దూరాన ఉన్న శత్రువు గిలగిలా కొట్టుకుంటూ వచ్చి అతని కాళ్ళ దగ్గిర పడతాడు. తగలలేదా, మరికాసేపు ఆగి మళ్ళీ విసరాలి. గాలం వేసి చేపకోసం కూచున్నవాడి ఆనందం ఎలాటిదో మీకు తెలిస్తే, పడ్జ్‌ను ఎందుకు కోరుకుంటారో వేరే చెప్పనక్కర లేదు. పది కొక్కేలు గురితప్పినా ఆ తగిలిన ఒక్కటే మర్నాడు స్నేహితులతో చెప్పుకోవటానికి మిగులుతుంది.

ఇన్వోకర్ అనే మాంత్రికుడికి కూడా గిరాకీ ఎక్కువే. అతనికి మంచు, మెరుపు, నిప్పు అని మూడు రకాల గోళాలున్నాయి. ఏవైనా మూడు గోళాలు కలిపితే ఒక మంత్రం తయారవుతుంది. ఒకే రకం గోళాన్ని రెండుసార్లు, మూడుసార్లు కూడా వాడవచ్చు, వరసతో పని లేదు. మొత్తం ఎన్ని మంత్రాలవుతాయో కాగితం మీద వేసి చూడండి. పది వస్తాయి. అతనికి ఉన్నవీ సరిగా పదే!

మరి ఎక్కువమంది కోరుకునే యోధుడు ఎక్కువ ఆటలు గెలుస్తాడా? ప్రతి ఆటలోనూ ఐదుగురు గెలుస్తారు, ఐదుగురు ఓడతారు. కనక అందరి గెలుపులూ కలిపి చూస్తే నూటికి 50 తప్ప మరొకటి రావటానికి వీలు లేదు. పడ్జ్ గెలుపు ఆ సగానికి కాస్త అటూ ఇటూగానే తిరుగుతుంటుంది. రెయిత్ కింగ్ అని ఒక అస్థిపంజరపు రాజున్నాడు. అతని మంత్రాలు చాలా తేలిక. చచ్చిపోతే ఒకసారి లేచి మళ్ళీ యుద్ధం చేస్తాడు. అతను చాలా నెలలు సగానికి పైనే నిలిచాడు. అయినా పడ్జ్ కోసం పడినంత తాపత్రయం అతని కోసం ఎవరూ పడరు.

ఇదంతా నాకెట్లా తెలుసునంటారా? పోయిన వేసవి సెలవులలో మా చెల్లెలి కొడుకూ, మా తమ్ముడి కూతురూ మా ఇంట్లో ఉన్నారు. వాడు ఇంటర్మీడియెట్, ఆ పిల్ల పదోతరగతి పూర్తి చేసింది. వాడి స్నేహితులు ముగ్గురు ఎవరి ఇళ్ళలోనుంచి వాళ్ళు చేరి ఐదుగురూ ఒక జట్టుగా ఆడేవాళ్ళు. ముందు పలికినవాడికి ముందు యోధుడు. నలుగురు మగపిల్లలూ గొంతు చించుకుని పలికేవాళ్ళు. చివరకు ఆ పిల్లకు మిగిలేది క్రిస్టల్ మెయిడెన్.

ఈ క్రిస్టల్ మెయిడెన్ మంచు మాంత్రికురాలు. నడక చాలా నిదానం, రెండు దెబ్బలకు పడిపోతుంది. కాని ఆమె జట్టులో ఉంటే చాలు, మిగతా నలుగురూ ఎంత దూరాన ఉన్నా వాళ్ళకు మంత్రశక్తి ఊరుతూ ఉంటుంది. ఇలాటి సహాయకులకు మరొక పని కూడా ఉంది. శత్రువులు ఎటు వస్తున్నారో తెలియటానికి అడవిలో అక్కడక్కడా కావలికళ్ళు నాటి రావాలి. అందుకోసం చీకట్లోకి ఒంటరిగా వెళ్ళాలి. తరచు ప్రాణం మీదికి వస్తుంది.

ఒక రాత్రి ఆ పిల్ల చెవులకు పెట్టుకున్నవి తీసేసి నా దగ్గిరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గెలిస్తే బావ పడ్జ్ వల్ల గెలిచామంటారు, పెదనాన్నా. ఓడిపోతే నేను సాయానికి రాలేదంటారు. రేపటినుంచి నేను ఆడను," అన్నది.

లోపలినుంచి వాడు, "అబద్ధం, మావయ్యా! నిజంగానే రాలేదు!" అని అరిచాడు.

ఈ ఆటలో ఒక మంచి సదుపాయం ఉన్నది. అయిపోయిన ఆటను సినిమాలాగా మళ్ళీ వేసుకుని చూడవచ్చు. వాళ్ళిద్దరినీ చెరో పక్కా కూచోబెట్టుకుని ఆ ఓడిపోయిన ఆటను వేయించాను. చేతిలో కాగితం పెట్టుకుని, కావలికన్ను మూలాన శత్రువు ముందుగా కనబడినప్పుడల్లా ఒక గీత గీయమని వాడితోనే చెప్పాను. సగం ఆట అయ్యేసరికి ఏడు గీతలు పడ్డాయి. నాలుగుసార్లు కావలికన్ను చూపించిన శత్రువు మీదికే వాడు కొక్కెం విసిరాడు. ఏడో గీత గీసి, "ఇక చాలులే, మావయ్యా," అని వాడు పెన్సిలు కింద పెట్టాడు.

పడ్జ్ పేరు చెప్పగానే చాలామందికి జ్ఞాపకం వచ్చే ఆట 2013 ఆగస్టులో అమెరికాలోని సియాటిల్ నగరంలో జరిగింది. ప్రపంచపు పెద్ద పోటీ అది. ఉక్రెయిన్ దేశపు నావి జట్టుకూ, చైనా దేశపు టాంగ్‌ఫు జట్టుకూ పోరు. నావిలో డెండి అనే ఆటగాడు పడ్జ్‌ను పట్టాడు. పప్పీ అనే నాయకుడు చెన్ అనే యోధుణ్ణి తీసుకున్నాడు. చెన్ దగ్గిర ఒక మంత్రం ఉండేది. దాన్ని స్నేహితుడి మీద వేస్తే కొన్ని క్షణాల తరువాత ఆ స్నేహితుడు తన కోటలోని నీటిఊట దగ్గిర తేలేవాడు. ఆ ఊట స్వపక్షానికి అమృతం, శత్రువుకు మృత్యువు.

వాళ్ళేం చేశారంటే, చెన్ ముందుగా పడ్జ్ మీద మంత్రం వేసేవాడు. మంత్రం ఫలించబోయే క్షణానికి పడ్జ్ కొక్కెం విసిరేవాడు. కొక్కెం శత్రువుకు తగిలి వెనక్కు వచ్చే లోపల పడ్జ్ కోటకు చేరిపోయేవాడు. కొక్కెం ఊరుకుంటుందా? యజమాని ఎక్కడ ఉంటే అక్కడికే లాక్కుపోవాలి గదా! పాపం, ఆ శత్రువు యుద్ధభూమి ఈ చివరినుంచి ఆ చివరిదాకా కొట్టుకుపోయి ఊట ముందు పడి చచ్చేవాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ ఇట్లా చేశారు. చూసేవాళ్ళు కుర్చీలలోనుంచి లేచి కేకలు పెట్టారు. నావి గెలిచింది. ఇది న్యాయమా, అన్యాయమా అని ఆడేవాళ్ళలో పెద్ద వాదం లేచింది. కొద్ది నెలలలోనే అది కుదరకుండా ఆట నియమం మార్చేశారు.

ఇప్పటికీ అందరూ డెండి కొక్కేలనే చెప్పుకుంటారు. నా మటుకు ముందుగా లెక్కపెట్టి మంత్రం వేసినవాడి పనే కష్టమనిపిస్తుంది. వాడు అరక్షణం తొందరపడినా, ఆలస్యం చేసినా కొక్కెం ఉత్తదే గదా?

యోధులను ఎన్నుకోవటం ఎంత పెద్ద సంగతో యంత్రాలు కూడా చూపించాయి. అమెరికాలో ఓపెన్ ఏఐ అనే సంస్థవాళ్ళు ఈ ఆట ఆడటానికి కంప్యూటరుకు విద్య నేర్పారు. అది తనతో తనే లెక్కలేనన్ని ఆటలు ఆడి నేర్చుకున్నది. 2018 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని ఐదుగురు గట్టి ఆటగాళ్ళ మీదికి వదిలారు. మొదటి రెండు ఆటలూ యంత్రమే గెలిచింది. మూడో ఆటకు ఒక తమాషా చేశారు. యంత్రానికి యోధులను చూసేవాళ్ళ చేత ఎన్నిక చేయించారు. వాళ్ళు కావాలని పొత్తు కుదరనివాళ్ళను ఏరి ఇచ్చారు. ఒక్క అడుగైనా వెయ్యకముందే యంత్రం తన గెలుపు అవకాశాన్ని లెక్క కట్టింది: నూటికి 2.9! అట్లాగే ఓడిపోయింది. మొదటి రెండు ఆటలు ఆడినదీ, మూడో ఆట ఆడినదీ ఒకటే యంత్రం. దాని తెలివి ఏమీ తగ్గలేదు.

అదే యంత్రం మరింత నేర్చుకుని 2019 ఏప్రిల్‌లో, అప్పటికి ప్రపంచ విజేతలుగా ఉన్న ఓజీ జట్టును వరసగా రెండు ఆటలు ఓడించింది. అయితే ఆ పోటీలో 17 మంది యోధులలోనుంచే ఎన్నుకోవాలని నిబంధన పెట్టారు. యోధులందరినీ నేర్పటం యంత్రానికి కూడా తేలిక కాదు మరి.

నాలుగు నెలల తరువాత, ఆగస్టులో, ఆ ఓజీ జట్టే చైనాలోని షాంఘై నగరానికి వెళ్ళింది. అక్కడ వాళ్ళు ఐయోను బయటికి తీశారు. ఐయో అంటే మనిషి కూడా కాదు, మాట రాని వెలుగు ముద్ద. ఒక స్నేహితుడికి తాడులాగా తగులుకుని వాడికి బలమిస్తుంది. అందరూ దాన్ని సహాయకుల వరసలోనే కూచోబెట్టేవాళ్ళు. ఓజీలోని ఆనా అనే ఆస్ట్రేలియా కుర్రవాడు దాన్ని తీసుకుని ముందుండి కొట్టే ప్రధాన యోధుడుగా ఆడాడు! ఎదుటి జట్లకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఓజీ మళ్ళీ విజేత అయింది. ఆ పెద్ద పోటీని రెండుసార్లు గెలిచిన మొదటి జట్టు అదే.

పెద్దలతో ఒక మాట. ఈ ఆట ఒక్కటి తరచు అరగంటనుంచి ముప్పావుగంట పడుతుంది. మధ్యలో లేచిపోతే మిగతా నలుగురూ దెబ్బతింటారు, లేచిపోయినవాడికి ఆటలో శిక్ష కూడా ఉంది. అందుచేత విస్తరి వేశాక పిలవటం కన్నా, ఆట మొదలు పెట్టకముందే వేళ చెప్పటం మేలు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తిట్లకు దిగితే వాళ్ళ గొంతు వినబడకుండా చేసే మీట కూడా ఉన్నది. పిల్లలకు అది ఎక్కడుందో మీరే అడిగి తెలుసుకోండి.

కాగితం మీద ఏడు గీతలు పడిన మర్నాటినుంచి మా ఇంట్లో చీట్లు వేసి వంతులు పెట్టుకున్నారు. మొదటి చీటీ మా తమ్ముడి కూతురికే వచ్చింది. ఆ పిల్ల ఇంకేమీ ఆలోచించక పడ్జ్‌ను పట్టుకుంది. ఆ సాయంత్రం కొక్కేలన్నీ చెట్లకు తగిలాయి. జట్టు ఓడిపోయింది. కాని గదిలోనుంచి ఆ పిల్ల నవ్వు వీధిలోకి వినిపించింది. చివరి చీటీ వచ్చిన బావగారికి క్రిస్టల్ మెయిడెన్ మిగిలింది. వాడు అన్నానికి వస్తూనే, "ఆ నడకేమిటి, మావయ్యా! కావలికన్ను నాటి తిరిగి వచ్చేసరికి యుద్ధం అయిపోతున్నది," అన్నాడు.

"నేను మూడు నెలలు నడిచాను, బావా," అన్నది ఆ పిల్ల, పెరుగు వడ్డించుకుంటూ.