కొబ్బరి మట్టల పందిరి

విశాఖపట్నం రేవు నుంచి అండమాన్ దీవులకు ఇంచుమించు 1200 కిలోమీటర్ల సముద్రం. ఓడలో మూడు రోజుల ప్రయాణం. గాలివాన పట్టిన రోజుల్లో ఎన్నాళ్ళో చెప్పలేరు. ఆ దీవులలో పెళ్ళి తలపెట్టిన ఇంటికి బియ్యం మొదలు పట్టుచీర వరకు చాలా వస్తువులు ఆ నీటిని దాటి రావలసినవే. వచ్చిన ప్రతి వస్తువు వెలలోనూ ఓడ కేవు కలిసే ఉంటుంది. బంతిపూల బుట్ట విమానమెక్కి వస్తే దాని ధర చెప్పనక్కరలేదు.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్‌కు సమీపాన కాపురముంటున్న ఒక తెలుగు గుమాస్తా ఇంట పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది. వరుడిది శ్రీకాకుళం జిల్లా. కట్నం పుచ్చుకోబోమని వారు ముందే చెప్పారు. 1961 నాటి చట్టం ఉన్నా ఆ మాట వినబడడం ఎంత అరుదో తెలిసినవాడు కనుక గుమాస్తా చేతులు జోడించాడు. ‘‘పెళ్ళి మాత్రం నలుగురిలో తగినట్లు జరిపించండి, బావగారూ’’ అని వారు మరొక మాట చేర్చారు. ‘తగినట్లు’ అన్న మాటకు వెల కట్టడమే కష్టం.

గుడ్డ పందిరికీ, ప్లాస్టిక్ పూలకూ, దీపాలకూ ఒక దుకాణదారు చెప్పిన మొత్తం విని ఇల్లంతా మౌనం వహించింది. గుమాస్తా 2004కు ముందే కొలువులో చేరినవాడు. భవిష్యనిధి ఉంది, పెళ్ళి కోసం అందులోంచి తీసుకోవడానికి నిబంధనలూ ఒప్పుకుంటాయి. దరఖాస్తు ఫారం ఇంటికి తెచ్చాడు. అయితే ఆ నిధి చిన్నకూతురి నర్సింగు చదువుకోసం దాచుకున్నది. ‘‘చెల్లి డబ్బు కదిపితే నేను పీటల మీద కూర్చోను నాన్నా’’ అంది పెళ్ళికూతురు. ఫారం బల్ల సొరుగులోకి వెళ్ళింది.

అప్పుడు నోరు విప్పింది మామ్మ. ఆమె పుట్టిల్లు ఉద్దానం. కవిటి, సోంపేట ప్రాంతాల కొబ్బరి తోటల మధ్య పెరిగి, పెళ్ళయిన ఏడాదే ఓడెక్కి వచ్చింది. ఇక్కడా కొబ్బరికి కరవు లేదు. ‘‘చెట్లు పెరట్లో పెట్టుకొని గుడ్డకు అద్దె కడతారా?’’ అని ఆమె ప్రశ్న.

మట్టను నడిమి ఈనె వెంట రెండుగా చీల్చి, నీటిలో నానవేసి, ఆకులను ఒకటి పైకి ఒకటి కిందికి నడిపి అల్లాలి. ఆకు ఎండి పెళుసెక్కిందా, విరిగిపోతుంది. మాఘమాసంలో ఈ దీవులలో వానలు తెరిపిస్తాయి గనుక తడికలు నీడన చక్కగా ఆరాయి. పక్కింటి తమిళ గృహిణి లేత ఆకుతో చిలుకలు మలిచి తోరణాలకు కట్టింది. ఎదురింటి బెంగాలీ ఆమె బియ్యపు పిండి కలిపి, మామ్మ వేసిన ముగ్గుల అంచులకు అల్పన తీగలు పాకించింది. బాసికాలు ఇంట్లోనే తయారయ్యాయి: ఆకు ముక్కకు పసుపు దారం చుట్టి, పైన తెల్లని పూసలు కుట్టినవి.

ఇరుగుపొరుగు చుట్టాలు కావడం ఈ దీవులకు కొత్తది కాదు. 1858లో నెలకొన్న శిక్షా నివాసంలో, శిక్ష కొంత గడిచి సత్ప్రవర్తన అనిపించుకున్న ఖైదీలు అధికారుల అనుమతితో పెళ్ళాడేవారు. కులమూ, భాషా, ప్రాంతమూ కలియని ఆ జంటల సంతతి ఇప్పటికీ ఇక్కడ ఉంది. అనుమతి కాగితమే వారికి లగ్నపత్రిక.

ఈ ఇంటి లగ్నపత్రిక సంగతి వేరు. పెళ్ళికూతురు హిందీ మాధ్యమంలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది, రాయలేదు. తండ్రి ఒక శుభలేఖ మచ్చు రాసి ఇస్తే, దాన్ని చూస్తూ దిద్ది దిద్ది, పసుపు పూసిన అంచుల కాగితాల మీద అన్నీ తానే రాసింది. మొదటి పత్రికలలో ఒత్తులు తారుమారయ్యాయి. కాగితం వృథా చేయరాదని వాటినీ పంపారు. అచ్చు పత్రిక రాలేదని ఒక మేనత్త అలిగి, ప్రయాణం మానుకుంది.

పొదుపు లెక్కలలో కూలి పద్దు కనబడదు. మూడు వారాలు అర్ధరాత్రి దాకా కూర్చున్న పెళ్ళికూతురి తల్లి వేళ్ళు ఈనెలు కోసి పుండ్లు పడ్డాయి; మగవారు రాటలు పాతి, కబుర్లు చెప్పారు. సాయం వచ్చిన ప్రతి ఇంటి పేరూ మామ్మ మనసులో రాసిపెట్టుకుంది. ఆ ఇళ్ళలో కార్యమైతే వీరి చేతులు వెళ్ళాలి. అది అప్పు కాదనడానికి వీలులేదు. పైగా ఎంత పొదుపు చెప్పినా, మధుపర్కాలకు మాత్రం పొందూరు ఖద్దరే కావాలని ఆమె పట్టుబట్టి తెప్పించింది. భోజనాల ఖర్చూ చేతిపనికి లొంగలేదు. దానికోసం గుమాస్తా, నెలనెలా జీతంలో తిరిగి కట్టే పద్ధతిన, భవిష్యనిధి నుంచి చిన్న అడ్వాన్సు తీసుకోక తప్పలేదు. చదువు సొమ్ము మిగిలింది.

ఓడ ఒక రోజు ఆలస్యమై, మగపెళ్ళివారు ముహూర్తానికి ముందు సాయంత్రం దిగారు. ఏమంటారోనని గుమాస్తా గుండె దడదడలాడింది. వరుడి పెదనాన్న పందిరి కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను పడగొట్టినప్పుడు ఆయన చెట్లూ పోయాయి.

‘‘ఈ అల్లిక ఎవరిదండీ?’’ అని అడిగాడు.

‘‘మీ దేశానిదే బాబూ’’ అంది మామ్మ.

‘‘కాదమ్మా. మా వైపు అంచు ఇలా వదలరు, లోపలికి మడుస్తారు.’’

‘‘ఎవరు చెప్పారు? మా అయ్య ఇలాగే వదిలేవాడు.’’

ఆయన చొక్కా విప్పి, మూలనున్న మిగులు మట్ట ఒకటి లాక్కుని కూర్చున్నాడు. మామ్మ ఇంకొకటి అందుకుంది. వంటవాళ్ళు భోజనాలకు రెండుసార్లు పిలిచినా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.