అమ్మకు గది

"అమ్మ కోసం బేస్‌మెంట్‌ల గది కడ్తున్న అక్కా" అని తమ్ముడు ఫోన్‌లో అన్నప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. పాలూ పొంగాయి, నేనూ పొంగాను. "కన్నతల్లిని పాత సామాన్ల పక్కన పడేస్తవారా?" అనేశాను. వాడు మారు మాట్లాడలేదు. ఆ తర్వాత పది రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.

వాడుండేది ఒహాయోలోని కొలంబస్‌లో. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే, శేరిగూడలోనే ఉంటోంది. కొన్నాళ్లు కొడుకు దగ్గర ఉండి రావాలని ఆమెకూ ఉంది. కానీ వాళ్ల పడకగదులన్నీ పైన, 14 మెట్లెక్కాలి. అమ్మ మోకాళ్లకు మా వాకిట్లో ఉన్న మూడు మెట్లే గుట్ట ఎక్కినంత. ఇవేవీ నాకు ఆ రోజు తోచలేదు. నేల కింద అన్న మాటే చెవిలో పడింది. అమ్మకు చెప్తే "బతికుండంగనే భూమిల పెడ్తడా నన్ను?" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

పదకొండో రోజు వాడే వీడియో కాల్ చేశాడు. మనకు పొద్దున ఏడు, వాళ్లకు రాత్రి ఎనిమిదిన్నర. ఒంటి నిండా చెక్క పొట్టు. పనివాళ్లను పెడితే తడిసి మోపెడవుతుందని, పర్మిషన్ తీసుకుని శని ఆదివారాలు తానే చేసుకుంటున్నాడు. చిన్నప్పుడు మేకు కొట్టమంటే వేలు కొట్టుకున్నవాడు!

"అక్కా, తిట్టే ముందు ఒకసారి చూడు" అని ఫోన్ గోడ వైపు తిప్పాడు. మూడు పక్కలా మట్టి ఆనుకుని ఉన్న కాంక్రీటు గోడలు. చలికాలం గదిలోని వెచ్చటి గాలి ఆ గోడకు తగిలితే చెమ్మ పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు చెమట పడుతుంది చూడండి, అలాగ. చెమ్మ నిలిస్తే బూజు, బూజు పడితే అమ్మకు ఆయాసం. అందుకని ముందు గోడకే ఫోమ్ పలకలు అంటించి, అతుకుల మీద టేపు వేశాడు. వాటి ముందు 16 అంగుళాలకు ఒకటి చొప్పున నిలువు చెక్కలు. నేలను ఆనుకునే చెక్క మాత్రం మందు పట్టించినది, లేకుంటే కాంక్రీటు తడికి పుచ్చిపోతుంది. ఆ చెక్కల్ని రెండు బై నాలుగు అంటారు గానీ కొలిస్తే ఒకటిన్నర బై మూడున్నరే ఉంటాయి. తూకంలో మోసం మన సంతలోనే అనుకునేదాన్ని! అన్నిటి మీదా జిప్సం బోర్డు. ఫోమ్ నిప్పుకు ఆగదు కాబట్టి దాన్ని కప్పకుండా వదలకూడదు.

"మరి వెలుతురు?" అన్నాను, గొంతు ఇంకా దించకుండానే.

ఫోన్ నాలుగో పక్కకు తిప్పాడు. వెనక నేల పల్లం. అటు పెద్ద కిటికీ, దాని అవతల పెరడు. పడకగది అంటే మనిషి బయటపడేంత కిటికీ ఉండాలని, దాని గడప నేల నుంచి 44 అంగుళాలు మించకూడదని అక్కడ రూలు. వీడు ఇంకా కిందికే పెట్టాడు, అమ్మ కూర్చున్నా చెట్లు కనబడాలని. నాకు ఏమనాలో తెలియలేదు. పది రోజుల కింద అన్నదంతా గొంతులో అడ్డం పడింది. "తిన్నావురా?" అని మాత్రం అడిగాను.

"బోర్డు బిగించక ముందే బాత్రూంల పట్టుకునే కడ్డీ కోసం లోపల అడ్డ చెక్క కొట్టాలె. బోర్డుకు ఒక్కదానికే బిగిస్తే అమ్మ బరువుకు ఊడొస్తది. అమ్మ మోచెయ్యి నేల నుంచి ఎంత ఎత్తుంటదో కొలిచి చెప్పక్కా."

కుట్టు మిషన్ డబ్బాలోంచి టేపు తెచ్చాను. అమ్మను తలుపుకు ఆనించి నిలబెట్టి కొలిచాను. 36 అంగుళాలు. "గిదెందుకే, జాకెట్ కుడ్తవా?" అంది. చెప్పాను.

అమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత ఫోన్ తన చేతిలోకి తీసుకుని, "అరే, మంచం ఎదురుంగ గూడ ఒక చెక్క కొట్టురా. మీ నాయిన ఫొటో బరువుంటది" అంది.