బస్సెక్కిన లెక్కల మాస్టారు

‘ఎన్‌కౌంటర్‌లో ఇద్దరు మృతి’... ఎనభైల్లో, తొంభైల్లో తెలుగు పేపర్లలో తరచూ కనిపించిన వార్త. చదివినవాళ్లు చదివి పేజీ తిప్పేసేవారు. బాలగోపాల్ మాత్రం బస్సెక్కేవారు.

భుజానికి ఓ సంచి. ఆ ఊరెళ్లి చనిపోయినవారి ఇంట్లోవాళ్లని, ఇరుగుపొరుగుని, పోలీసుల్ని అందర్నీ అడిగేవారు. ఎవరేం చెప్పారో, ఎక్కడ పొంతన కుదరలేదో రాసేవారు. నిజనిర్ధారణ అంటే ఆయనకి అదే. మనిషి లెక్కల మాస్టారు మరి! మధ్యలో ఒక్క మెట్టు తప్పినా జవాబు తప్పేనని ఆయనకి వేరే చెప్పాలా?

1952లో బళ్లారిలో పుట్టారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి కూతురి కొడుకు. వరంగల్ ఆర్ఈసీలో గణితంలో డాక్టరేట్ చేసి, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1983లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి అయ్యారు. అక్కణ్నుంచి కష్టాలు మొదలు. 1985లో ఆ సంఘం నాయకుడు, వరంగల్లో పిల్లల డాక్టరుగా పేరున్న రామనాథంగారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అదే ఏడాది బాలగోపాల్‌ని ‘టాడా’ కింద అరెస్టు చేశారు. యూనివర్సిటీ ఉద్యోగమూ పోయింది... ఆయనే వదులుకున్నారు. 1989లో ‘ప్రజాబంధు’ పేరు చెప్పుకున్నవాళ్లు ఎత్తుకెళ్లారు. ప్రాణాలతో తిరిగొచ్చి, మళ్లీ బస్సెక్కారు.

ఇంతవరకూ ధైర్యం. అసలు కష్టం ఆ తర్వాతిది.

పోలీసులు చంపితే అడిగినట్టే, ‘ఇన్ఫార్మర్’ అంటూ నక్సలైట్లు ఊళ్లో మనుషుల్ని చంపినప్పుడూ అడగాలి కదా అన్నారాయన. చచ్చిపోయినవాడూ పేదవాడే, అతనికీ పెళ్లాంబిడ్డలున్నారు. ఈ మాట బయటివాళ్లతో అనడం తేలిక. ఏళ్ల తరబడి కలిసి నడిచినవాళ్ల ముందు అనడమే కష్టం. సంఘంలో వాదనలు సాగాయి, స్నేహాలు చెడ్డాయి. చివరికి పదిహేనేళ్లు పనిచేసిన సంఘం నుంచి 1998లో బయటికొచ్చేశారు. మరికొందరితో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టారు. రాజ్యం ఒక్కటే కాదు, కులం, మగవాడి పెత్తనం కూడా మనిషి హక్కుని కాలరాస్తాయన్నది ఆ వేదిక మాట.

నలభై దాటాక లా చదివి నల్లకోటు వేసుకున్నారు. ఫీజు ఇచ్చుకోలేని ఆదివాసులు, భూములు పోయిన రైతులు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. రాతపని ఆగలేదు. అటు ఇంగ్లిష్‌లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’కి, ఇటు తెలుగులో.

2009 అక్టోబరు 8న హైదరాబాదులో కన్నుమూశారు. 57 ఏళ్లే.

ఏటా అక్టోబరులో వేదికవాళ్లు హైదరాబాదులో ఆయన పేర సభ పెడతారు. వర్ధంతి సభే అయినా, మాట్లాడేవాళ్లు ఆయన గురించి కన్నా ఆ ఏడాది ఎవరికి ఎక్కడ అన్యాయం జరిగిందన్న దాని గురించే ఎక్కువ మాట్లాడతారు.