చెరకు వాసన ఏదీ, డాడీ?

ద్రాక్షసారాతో పేరు తెచ్చుకున్న ఊళ్లను చూడ్డానికి జనం ఫ్రాన్స్ దాకా వెళ్తారు. పంటతోనే పేరు తెచ్చుకున్న ఊరు మనకీ ఉంది... బోధన్. ఇక్కడి పంట చెరకు!

ఆ ఊరి శక్కర్‌నగర్‌లో పెరిగి హైదరాబాద్‌లో స్థిరపడిన ఒకాయన సంక్రాంతి సెలవులకు పిల్లల్ని తీసుకొచ్చాడు. నిజామాబాద్‌లో దిగి, పాతిక కిలోమీటర్లు బస్సులో ప్రయాణం. ముందుగా దేవల్ మసీదు. ఒకప్పటి గుడి అది. స్తంభాల మీది చెక్కడాల్ని పిల్లలు వేళ్లతో తడిమి చూశారు. మధ్యాహ్నం చుట్టాలింట్లో వేడివేడి జొన్నరొట్టెలు.

తర్వాత ఫ్యాక్టరీకి. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. కాలువల్లో నీళ్లొచ్చాయి. చేలల్లో చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోకెల్లా పెద్దదన్న పేరు తెచ్చుకుంది. సంక్రాంతి రోజుల్లో క్రషింగ్ జోరుమీదుంటే గాలి కూడా తియ్యగా ఉండేది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది.

మూసిన గేటు ముందు చిన్నది అడిగింది: ''ఊరంతా చెరకు వాసనే అన్నావుగా డాడీ, ఏదీ?''

ఆయన మాట్లాడలేదు. రాతి స్తంభాలు వందల ఏళ్లు నిలుస్తాయి. పంటను నమ్ముకున్న ఊరికి మాత్రం ఏటేటా పని ఉండాలి.

తిరిగొస్తుంటే రోడ్డుపక్కన చెరకురసం బండి కనిపించింది. గ్లాసు పాప చేతికిచ్చి అన్నాడు: ''ముందు వాసన చూడు తల్లీ, తర్వాత తాగుదువు గానీ!''