రెగ్యులేటర్ లోపల ఏముందో అడగండి

బరంపురంలో కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు స్విచ్‌లు కొనడానికి వెళ్తే ముందు చూసేది రంగు, మెరుపు. గోడకు నప్పితే చాలు, బేరం కుదిరిపోతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ లోపల ఏముందని అడిగేవాళ్లు అరుదు. ఎలక్ట్రీషియన్‌గా నాకు వచ్చే పిలుపుల్లో చాలావాటికి మూలం ఇదే.

పాత ఇళ్లలో చెక్క బోర్డు మీద పెద్ద డబ్బా రెగ్యులేటర్లు ఇంకా ఉన్నాయి. వాటిలో ఉండేది తీగచుట్ట. స్పీడు తగ్గిస్తే కరెంటులో కొంత ఆ తీగలోనే వేడిగా పోతుంది. ఓ పెద్దావిడ "మిస్త్రీ బాబూ, ఎప్పుడూ ఒకట్లోనే తిప్పుతాను, బిల్లు తగ్గుద్ది కదా?" అని అడిగారు. "డబ్బా దగ్గర చెయ్యి పెట్టి చూడండమ్మా" అన్నాను. సెగ తగిలింది. గాలి తగ్గినంతగా బిల్లు తగ్గదని అప్పుడు నమ్మారు.

గుండీని ఎంత తిప్పితే అంత స్పీడు మారే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెద్దగా వేడెక్కదు. కాకపోతే అది కరెంటును కోసి కోసి పంపుతుంది, అందుకే తక్కువ స్పీడులో ఫ్యాన్ గుంయ్‌మంటుంది. పడకగదికి అది వద్దంటాను. టక్ టక్‌మని మెట్లు మెట్లుగా తిరిగే కండెన్సర్ రెగ్యులేటరే మేలు. వేడీ ఉండదు, మోతా ఉండదు.

దీనికీ జబ్బులున్నాయి. ఒకటి, రెండు, మూడులో ఫ్యాన్ తిరగక ఐదులో మాత్రం బాగా తిరిగితే పోయింది రెగ్యులేటర్‌లోని కండెన్సర్. ఐదులో కరెంటు నేరుగా వెళ్తుంది కాబట్టి అలా జరుగుతుంది. ఐదులోనూ నీరసంగా తిరిగితే ఫ్యాన్ మీదున్న కండెన్సర్‌ను చూడాలి. చాలా ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది సరిపోతుంది, అది చవకే. ఈ తేడా తెలియక మంచి ఫ్యాన్లను పాత సామానుకు అమ్మేసినవాళ్లను చూస్తే బాధేస్తుంది.

గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి స్విచ్ లోపలి మరలు పచ్చగా చిలుమెక్కుతాయి. పట్టు సడలిన చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక, తడిసిన బోర్డులను విప్పుతూ పోతే ఇత్తడి టెర్మినళ్లున్నవి చాలావరకు దక్కాయి, నాసిరకం ఇనుపవి తుప్పుపట్టిపోయాయి. అందుకే ఐఎస్ఐ గుర్తు లేని స్విచ్ నేను బిగించను. ఫ్యాన్‌కు, లైటుకు 6 ఆంపియర్లది చాలు, గీజర్‌కు 16 ఆంపియర్లది కావాలి. స్విచ్ ఫేజ్ తీగ మీదే ఉండాలి. న్యూట్రల్ మీద పెడితే ఆపేసిన ఫ్యాన్‌లోనూ కరెంటు ఉంటుంది, రెక్కలు తుడిచే మనిషి ప్రాణం మీదికొస్తుంది.

2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయ్యాక, రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఎక్కువగా కొంటున్నారు. మామూలు ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటే ఇది 30 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది. రోజంతా ఫ్యాన్ తిరిగే మన ఊళ్లకు నిజంగా మంచి కొనుగోలు. స్పీడు మార్చే సర్క్యూట్ దీనిలోనే ఉంటుంది, గోడ మీది రెగ్యులేటర్ గుండా కరెంటిస్తే ఆ సర్క్యూట్ పాడవుతుంది. బీఎల్‌డీసీ కొన్నవాళ్లు దయచేసి పాత రెగ్యులేటర్ తీయించి, స్విచ్ నుంచి నేరుగా తీగ ఇప్పించాకే ఫ్యాన్ వేయండి.