పొద్దు గూకని ప్రయాణం

2024 ఆగస్టు 10, శనివారం. హనుమకొండ

చదువుకు అమెరికా వెళ్తున్నాను. ఇంట్లో అందరి మాటా తూకం గురించే. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు దాటొద్దు. కొక్కెం తూకానికి తగిలించి బాపు ఎత్తుతాడు, అమ్మ అంకె చూసి ఒక దుప్పటి తీసేస్తుంది. కాసేపటికి ఆ ఖాళీలోకి సకినాల డబ్బా వస్తుంది. మళ్ళీ తూకం. ఆవకాయకు మూడు కవర్లు తొడిగి టేపు చుట్టారు.

పచ్చి కరివేపాకు మాత్రం పనికిరాదు, అమెరికాలోకి రానివ్వరు. నిమ్మ, నారింజ తోటలను చంపే తెగులును మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది. అమ్మ ఆకంతా వేయించి కారప్పొడి కొట్టింది.

యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20, పాస్‌పోర్టు, లోను మంజూరు పత్రం, మెమోలు చేతి సంచిలోనే ఉండాలని, నేను చేరబోయే ఊరు డెంటన్‌లో ఉన్న సీనియర్ అక్క పదే పదే చెప్పింది. ఆమెను నేను ఇంతవరకు చూడలేదు. ఎల్లుండి ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్ళేది ఆమే.

ఆగస్టు 11, ఆదివారం రాత్రి. శంషాబాద్

టికెట్ ఉన్నవాళ్ళనే లోపలికి పంపుతారు. అందుకే వీడ్కోలంతా గుమ్మం బయటే. ఒక్కో విద్యార్థి చుట్టూ పది పదిహేను మంది. బొట్టు పెట్టేవాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు, పక్కకు వెళ్ళి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. 2022–23లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 2 లక్షల 68 వేలకు పైనే. పేపర్లో చదివినప్పుడు అది పెద్ద అంకె అనుకున్నాను, అంతే. ఆ ఒక్కొక్కరి వెనక ఇంతమంది ఉంటారని ఈ రాత్రి కళ్ళారా చూశాను.

మా ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. బాపు ఆ ఊసే ఎత్తలేదు. "పైలంగ పో బిడ్డా. దిగంగనే ఫోన్ చెయ్యి" అన్నాడు.

ఆగస్టు 12, సోమవారం. దోహా, ఉదయం

మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనక. విమానాశ్రయం నడుమ ఏడు మీటర్ల పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ, నెత్తిన దీపం. అందరూ దాని దగ్గర ఫొటోలు దిగుతున్నారు. అక్కడే చక్రాల కుర్చీలో నేత చీర కట్టుకున్న ఒక పెద్దావిడ కనిపించింది.

"తెలుగమ్మాయివేనా? ఏ ఊరు?"

ఆవిడది తెనాలి. కూతురికి నెలలు నిండాయి, డల్లస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుందట. సంచిలో శొంఠి, వాము, కాయం. కాళ్ళ నొప్పులా పెద్దమ్మా అని అడిగాను.

"నడవలేక కాదమ్మా. ఈ కుర్చీ ఎక్కితే వాళ్ళే తోసుకెళ్ళి గేటు దగ్గర దింపుతారు. లేకపోతే నేనెవర్ని అడగను, ఏమని అడగను?"

ఆవిడ ఎంచుకున్న దారి నాకు చాలా తెలివైనదిగా తోచింది. భాష రాని చోట పరువుగా ప్రయాణించడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు.

అదే రోజు, విమానంలో

నా పక్కనున్న అబ్బాయి అడగ్గానే సీటు మారాడు. పెద్దమ్మ వచ్చి కూర్చుంది. బెల్టు పెట్టడం, తెర మీద పాత సినిమా వెతకడం చేసిపెట్టాను. భోజనం దగ్గర చిక్కొచ్చింది. ఆవిడ ముక్క ముట్టదు. శాకాహారం కావాలంటే ప్రయాణానికి 24 గంటల ముందే బుకింగ్‌లో చెప్పాలి, టికెట్ తీసినవాళ్ళు ఆ సంగతి చూడలేదు. రొట్టె, పండ్ల ముక్కలు దొరికాయి. ఆవిడ సంచి తెరిచి పులిహోర పొట్లం తీసి, ముందు నాకే పెట్టింది. అంత ఎత్తున, ఆ పొడి గాలిలో నాలుకకు ఉప్పూ తీపీ సరిగా తెలియవంటారు. ఆ చింతపండు పులుపు మాత్రం బాగా తెలిసింది.

గంటలు గడుస్తున్నాయి. తెర మీద గ్రీన్‌లాండ్ అని పడింది. కిటికీ రెక్క కొంచెం ఎత్తితే కింద తెల్లటి మంచు, పైన ఎండ.

"దీపం పెట్టే వేళయిందా?" అని అడిగింది పెద్దమ్మ.

ఏం చెప్పాలో తోచలేదు. తెనాలిలో ఎప్పుడో చీకటి పడి ఉంటుంది. మేము పొద్దున ఎనిమిదికి బయల్దేరి పడమరకు, సూర్యుడి వెంటే పోతున్నాం. పదహారు గంటలు ఎగిరి అదే రోజు సాయంత్రం నాలుగుకు దిగుతాం. దారిలో ఎక్కడా పొద్దు గూకదు. ఆవిడ విని, కళ్ళు మూసుకుని పెదాలు కదిలించింది. నేనూ ఇంట్లో దీపం పెట్టే నాయినమ్మను తలచుకున్నాను.

డల్లస్

ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గరికి పెద్దమ్మ ముందు వెళ్ళింది. కూతురు ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితంలో ఇంటి చిరునామా, ఫోన్, కాన్పు తేదీ, తిరుగు టికెట్ అన్నీ ఉన్నాయి. అధికారి చదివి తలూపాడు. ఒక్క కాగితం ఆవిడ తరఫున అంతా మాట్లాడింది.

నన్ను ఏం చదువుతావు, ఫీజు ఎవరు కడతారు అని అడిగారు. వేలిముద్రలు, ఫొటో. ముద్ర పక్కన విద్యార్థి వీసా గుర్తు ఎఫ్-1 అని రాశారు. చెయ్యి వణికింది. బయట సీనియర్ అక్క నా పేరు రాసిన అట్ట పట్టుకుని ఉంది. బాపుకు ఫోన్ చేస్తే ఒక్క రింగుకే ఎత్తాడు. అక్కడ తెల్లవారుజామున నాలుగు దాటింది.

ఆగస్టు 13, మంగళవారం. డెంటన్

తెల్లవారకముందే మెలకువ. పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, తాంబూలానికి రమ్మని పెద్దమ్మ మాట. బండి పంపిస్తామన్నారు. వెళ్తాను.

వచ్చే జనవరిలో మా ఊరి నుంచి ఇద్దరు బయల్దేరుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాసిపెడుతున్నాను: విమానంలో మీ దగ్గర మన అమ్మలెవరైనా ఒంటరిగా కూర్చుంటే ముందు మీరే పలకరించండి. ఇంట్లో పెద్దవాళ్ళకు టికెట్ తీస్తే భోజనం సంగతి ముందురోజే చూడండి, చిరునామా కాగితం చేతికివ్వండి.